గూడేనికి టీకా కబురు ఏ దారిన పంపాలి? వాట్సాప్ గ్రూపు, ఛానెల్, వీడియో ప్రకటన, ఫోన్ కాల్: ఏది ఎక్కడ పనికొస్తుంది

టీకాలు అందని పిల్లల కోసం సోషల్ మీడియా వాడదామని కూర్చున్నప్పుడు ఎక్కువమంది ముందుగా ఒకే మాట అడుగుతారు: ఏది ఎక్కువమందికి చేరుతుంది? ఆ ప్రశ్నతో మొదలుపెడితే టీకాలు ఎలాగూ వేయించుకునే ఇళ్లకే కబురు మళ్లీ మళ్లీ చేరుతుంది. అడగాల్సింది వేరే ఉంది. మన జాబితాలో టీకా పడని పిల్లల ఇళ్లలో ఫోన్ ఎవరి చేతిలో ఉంటుంది? ఆ ఇంట్లో ఎవరి మాట చెల్లుతుంది?

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్క ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం. మగవాళ్లలో అదే లెక్క 48.8, 57.4. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి. కానీ ఇంటికొక్క స్మార్ట్‌ఫోనే ఉన్నచోట అది పగలంతా తండ్రి జేబులో ఉంటుంది, పిల్లను ఎత్తుకుని అంగన్‌వాడీకి వెళ్లాల్సింది తల్లి. ఏ వేదిక ఎంచుకున్నా ఈ ఎడం దాటించాల్సిందే.

ముందు జాబితా, తర్వాతే వేదిక

ఊళ్లో టీకాలు వేసే నర్సు, అంటే ఏఎన్ఎం దగ్గర ఆ వారం టీకా పడాల్సిన పిల్లల జాబితా ఉంటుంది. దాన్ని అంగన్‌వాడీ సర్వే పుస్తకంతో, ఇళ్లలో ఉన్న తల్లీబిడ్డ కార్డులతో సరిచూడండి. రిజిస్టర్‌లో పేరే లేని పిల్లలు అక్కడే బయటపడతారు: ఊరి చివర కొత్తగా వేసుకున్న గుడిసెలు, పుట్టింట్లో కాన్పై తిరిగొచ్చిన తల్లులు, పనికి వలస వచ్చిన కుటుంబాలు.

తర్వాత పేర్లను మూడు గుంపులుగా విడదీయండి. మొదటిది, పెంటావాలెంట్ (ఐదు జబ్బులకు కలిపి వేసే టీకా) మొదటి డోసు కూడా పడనివాళ్లు. ఆరోగ్య శాఖ ‘జీరో డోస్’ అనేది వీళ్లనే. రెండోది, మొదలుపెట్టి మధ్యలో ఆగినవాళ్లు. 6, 10, 14 వారాల్లో పడాల్సిన మూడు పెంటాల్లో ఒకటో రెండో వేయించుకుని, లేదా మూడూ అయ్యాక 9 నెలల మీజిల్స్–రూబెల్లా దగ్గర ఆగినవాళ్లు. మూడోది, ఊరు మారినవాళ్లు.

ఈ మూడింటికీ ఒకే మందు పనిచేయదు. మధ్యలో ఆగినవాళ్లకు చాలాసార్లు గుర్తుచేస్తే సరిపోతుంది, అక్కడ ఫోన్ బాగా పనికొస్తుంది. జీరో డోస్ పిల్లల ఇళ్లలో అడ్డం మతిమరుపు కాదు. భయం, దూరం, కూలి పోవడం, లేదంటే ఆ గుమ్మంలోకి ఎవరూ వెళ్లకపోవడం. ఆ ఇంటికి వంద మెసేజ్‌లు పంపినా ఒక్క మనిషి వెళ్లినదానితో సమానం కాదు. ఆన్‌లైన్ ఆ మనిషిని సిద్ధం చేయడానికి పనికొస్తుంది.

వాట్సాప్ గ్రూపు: చిన్నదైతేనే మేలు

ఒక గ్రూపులో 1,024 మంది దాకా పడతారు. అంతమందిని చేర్చడమే మొదటి పొరపాటు. మండలమంతటికీ ఒకే గ్రూపు పెడితే నాలుగు రోజుల్లో శుభోదయాలు, పార్టీ పోస్టర్లు నిండిపోయి టీకా కబురు పైకి జరిగిపోతుంది. ఒక తండాకో గూడేనికో ఒకటి చొప్పున, 30–50 ఇళ్లకు మించకుండా పెట్టండి. ఆశా కార్యకర్తే అడ్మిన్‌గా ఉండాలి. బయటి సంస్థ నంబరు అడ్మిన్‌గా ఉంటే ఆ సంస్థ వెళ్లిపోయిన రోజున గ్రూపూ పోతుంది.

తల్లులతో పాటు తండ్రులను, అంగన్‌వాడీ టీచరును, కిరాణా కొట్టాయనను, ఆటో నడిపే కుర్రాణ్ణి చేర్చండి. ఉత్తర తెలంగాణ ఊళ్లలో తండ్రి గల్ఫ్‌లో ఉన్న ఇళ్లు చాలానే ఉంటాయి. సూది వేయించాలా వద్దా అన్నది రాత్రి వాట్సాప్ కాల్‌లో తేలుతుంది. ఆయన్ను గ్రూపులో చేర్చడం ఆ ఇంటికి చేసే పెద్ద మేలు.

గ్రూపుకు ఉన్న అసలు లోపం వేరే. అందులో ప్రతి ఒక్కరి నంబరూ అందరికీ కనిపిస్తుంది. ఊరి మగవాళ్లందరి ముందు తన నంబరు పెట్టడానికి చాలామంది తల్లులు ఇష్టపడరు. చేర్చినా వెళ్లిపోతారు, ఉన్నా నోరు విప్పరు. అందుకే తల్లుల కోసం ఆశా ఫోన్ నుంచి బ్రాడ్‌కాస్ట్ లిస్టు మేలు. ఒక్కో లిస్టులో 256 మందిని చేర్చవచ్చు. మెసేజ్ ఒక్కొక్కరికీ విడిగా వచ్చినట్టే కనిపిస్తుంది, జవాబు ఆశాకు మాత్రమే వెళ్తుంది. “మా వాడికి జ్వరం తగ్గలేదమ్మా, వేయించొచ్చా?” అనే ప్రశ్న అక్కడ వస్తుంది, గ్రూపులో రాదు. ఒక షరతు ఉంది: ఎదుటివాళ్లు పంపేవారి నంబరును తమ ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంటేనే బ్రాడ్‌కాస్ట్ అందుతుంది. ఆశా నంబరు చాలా ఇళ్లలో ఉంటుంది, మీ సంస్థ నంబరు ఉండదు. ఇంటింటికీ తిరిగేటప్పుడు ఆ నంబరు సేవ్ అయి ఉందో లేదో చూసి, లేకపోతే అక్కడే చేయించండి.

పంపేది రాత లేకుండా గొంతు అయితే మంచిది. 40 సెకన్లు దాటని వాయిస్ నోట్, ఆ ఊరి యాసలో, గూడెంలోనైతే కోయలోనో సవరలోనో. ఏ రోజు, ఎక్కడ, ఎన్ని గంటలకు, కార్డు తెచ్చుకోమని, వేసిన తర్వాత ఏమవుతుందని చెబితే చాలు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో టీకా రోజులు బుధ, శనివారాలు కాబట్టి ముందురోజు రాత్రి ఏడు, ఎనిమిది మధ్య ఒకసారి, టీకా రోజు ఉదయం ఇంకోసారి పంపండి. సమయం స్పష్టంగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. మీజిల్స్–రూబెల్లా, బీసీజీ (క్షయ టీకా) సీసాలు తెరిచాక 4 గంటల్లోపే వాడాలి. ఒక్క బిడ్డ వచ్చినా సీసా తెరవాలన్నదే నియమం. అయినా మిగతా డోసులు వృథా అవుతాయని వెనకాడేవాళ్లు ఉంటారు. పిల్లలంతా ఒకే వేళకు వచ్చేలా కబురు పంపితే ఆ వెనకాడటమే ఉండదు.

కొండమీది ఊళ్లకు ఈ వేళలు వర్తించవు. సిగ్నల్ లేని గూడేల్లో ఫోన్లకు మెసేజ్‌లు అందేది జనం వారపు సంతకు దిగినప్పుడు. పాడేరు, రంపచోడవరం, ఏటూరునాగారం వైపు ఊళ్లలో పంపే రోజును సంతను బట్టి పెట్టుకోండి: సంత నాటి తెల్లవారుజామున, వచ్చే టీకా రోజు తేదీతో. “రేపు” అన్న మాట వాడకండి, రెండు రోజులు ఆలస్యంగా వింటే అది తప్పు కబురవుతుంది.

ఛానెల్: నిలబడి చెప్పే చోటు

వాట్సాప్ ఛానెళ్లు మన దేశంలోకి 2023 సెప్టెంబరులో వచ్చాయి. అనుసరించేవాళ్ల నంబర్లు ఒకరికొకరికి కనిపించవు, ఎంతమందైనా చేరవచ్చు. కానీ వెతుక్కుని వచ్చి చేరాలి. అలా చేరేవాళ్లు ఎక్కువగా కార్డు దాచుకునే తల్లిదండ్రులే. జిల్లా స్థాయిలో టీకా తేదీలు ఉంచడానికి, వదంతి పుట్టినప్పుడు ఆశా కార్యకర్తలు తీసుకుని పంచుకునే జవాబు పెట్టడానికి ఛానెల్ బాగుంటుంది. టీకా పడని బిడ్డను వెతకడానికి అది పనికిరాదు. చేతిలో మనుషులు తక్కువగా ఉంటే దీన్ని వదిలేసినా నష్టం లేదు.

యూట్యూబ్, ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్: డబ్బు పెట్టే ముందు ఆగండి

చూసినవాళ్ల సంఖ్య పెద్దగా కనిపించేది ఇక్కడే, కాబట్టి నిధులిచ్చేవాళ్లకు ఇష్టమైనదీ ఇదే. ప్రకటనకు ప్రాంతం, వయసు, భాష ఎంచుకోవచ్చు. అయితే అదే డబ్బుకు వీలైనంత ఎక్కువమందికి చూపించమని అడిగితే వేదిక సులువుగా దొరికేవాళ్లకే చూపిస్తుంది, అంటే రోజంతా డేటా ఉండి స్క్రోల్ చేసేవాళ్లకు. మండల కేంద్రంలో కుర్రాళ్లు చూస్తారు. పది కిలోమీటర్ల అవతల గూడెంలో తల్లి చూడదు. లెక్కలో మాత్రం ఈ తేడా కనిపించదు.

దీనికి డబ్బు పెట్టడం సరైనదయ్యే సందర్భం ఒకటుంది: వదంతి అదే వేదికమీద పెద్దగా పాకినప్పుడు. 2017 ఫిబ్రవరిలో మీజిల్స్–రూబెల్లా ప్రత్యేక కార్యక్రమం తమిళనాడు, కర్ణాటకల్లో మొదలైనప్పుడు సోషల్ మీడియాలో తప్పుడు సందేశాలు తిరిగి తల్లిదండ్రులు బెదిరిపోయారు, తమిళనాడులో గడువు పొడిగించాల్సి వచ్చింది. ఆ కార్యక్రమం ఆగస్టులో ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు వచ్చింది. పెద్ద కార్యక్రమానికి ముందే స్కూలు తల్లిదండ్రుల గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో సరైన వీడియో సిద్ధంగా ఉండాలన్నది ఆ ఏడాది అందరూ నేర్చుకున్నది. వీడియో నిమిషంన్నర దాటకూడదు. మాట్లాడేది ఆ ప్రాంతం పిల్లల డాక్టరో ఏఎన్ఎంనో అయితే సినిమా తారకన్నా మిన్న, ఎందుకంటే రేపు అదే మనిషి ముందు కూర్చోవాలి.

స్మార్ట్‌ఫోన్ లేని ఇంటికి: ఎస్ఎంఎస్, వాయిస్ కాల్

ఇవి సోషల్ నెట్‌వర్కులు కావు. కానీ వీటిని పక్కన పెడితే మీ కార్యక్రమం మొత్తం స్మార్ట్‌ఫోన్ ఉన్నవాళ్లదే అయిపోతుంది. తెలుగు ఎస్ఎంఎస్‌లో ఒక భాగానికి 70 అక్షర సంకేతాలే పడతాయి, ఇంగ్లీషుకు 160. గుణింతం, పొల్లు, సున్నా ప్రతిదీ విడిగా లెక్క. “రేపు బుధవారం అంగన్‌వాడీలో టీకాలు. ఉదయం 9-1. పాప కార్డు తెండి.” ఇది 70 లోపే పడుతుంది. గుంపుగా ఎస్ఎంఎస్‌లు పంపాలంటే పంపే సంస్థ పేరు, మెసేజ్ నమూనా టెలికాం కంపెనీల డీఎల్‌టీ నమోదులో ముందే ఆమోదం పొందాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి కార్యక్రమానికి నెల ముందే మొదలుపెట్టండి. నమూనా ఆమోదం అయ్యాక ఒక్క మాట మార్చినా మెసేజ్ ఆగిపోవచ్చు. తేదీ, స్థలం ఖాళీలుగా ఉండేలా నమూనా రాసుకోవాలి.

చదవడం రానిచోట రికార్డు చేసిన కాల్ మేలు. కేంద్ర ప్రభుత్వ ‘కిల్కారీ’ సేవ ఇలాంటిదే: గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారానికొకటి చొప్పున 72 కాల్స్. దీనితో వచ్చే చిక్కు, రిజిస్టర్‌లో రాసుకున్న నంబరు భర్తదో, మామగారిదో, సిమ్ మార్చేసిన పాతదో కావడం. అందుకే ప్రతి మూడు నెలలకు జాబితాలోని నంబర్లకు ఒకసారి ఫోన్ చేసి చూడండి. మోగనివాటి పక్కన పొరుగింటి నంబరు రాసుకోండి. కొత్త నంబరు నుంచి వచ్చే కాల్‌ను జనం మోసమనుకుని కట్ చేస్తారు. కాల్ మొదటి మూడు సెకన్లలో ఊరి పేరు, ఏఎన్ఎం పేరు వినిపిస్తే వినేవాళ్లు పెరుగుతారు.

ఊరి కబుర్లు మోసేవాళ్లు

అన్నింటిలోకీ చవకైనదీ, అందరూ పట్టించుకోకుండా వదిలేసేదీ ఇదే. హర్యానాలో 500కు పైగా ఊళ్లలో ఆర్థికవేత్తలు అభిజిత్ బెనర్జీ, అరుణ్ చంద్రశేఖర్, ఎస్తేర్ డుఫ్లో, మాథ్యూ జాక్సన్ ఒక ప్రయోగం చేశారు. ఊరివాళ్లనే అడిగి, మాట బాగా పాకించగలవాళ్లను గుర్తించి, టీకా శిబిరాల సమాచారం వాళ్ల ఫోన్లకు పంపారు. యాదృచ్ఛికంగా ఎంచినవాళ్లకు పంపిన ఊళ్లకన్నా ఇక్కడ నెలనెలా టీకా వేయించుకున్న పిల్లలు 22 శాతం ఎక్కువ. అదే రాష్ట్రంలో గుర్తుచేసే ఎస్ఎంఎస్‌లు, బహుమతులు, ఈ కబురు మనుషులు, ఇలా రకరకాల కలయికలను పోల్చినప్పుడు పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం ఇచ్చింది కబురు మనుషులు, ఎస్ఎంఎస్ కలిసిన పద్ధతి. మొత్తంమీద టీకాలు ఎక్కువగా పెంచింది వాటికి బహుమతులూ తోడైనది, 44 శాతం. కానీ దానికి ఖర్చూ ఎక్కువే.

ఊళ్లో ఇలా చేయవచ్చు. సర్పంచ్‌నో పెద్దమనిషినో అడగకండి, వాళ్లు తమవాళ్ల పేర్లే చెబుతారు. అన్ని వైపులా, ముఖ్యంగా టీకాలు తక్కువపడిన వైపు, చీటీ తీసి ఓ 15 ఇళ్లు ఎంచుకుని అడగండి: “జాతరనో వీధి నాటకమనో ఎవరికి చెబితే ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది?” రెండుమూడు ఇళ్లలో వినిపించిన పేర్లు ఓ ఐదారు తేలతాయి. పొదుపు సంఘం లీడరు, మంగళి షాపాయన, పాలకేంద్రంలో పనిచేసే అమ్మాయి, ఎవరైనా కావచ్చు. ఊరిలో కులాన్ని బట్టి వాడలు విడిగా ఉంటే ఒక్కో వాడకు కనీసం ఒకరుండాలి. లేకపోతే కబురు ఒక గట్టు దాటదు. వాళ్ల అనుమతి తీసుకుని, నెలకు రెండుసార్లు మాత్రమే కబురు పంపండి.

వాట్సాప్‌లో ఒక చిన్న విషయం ఇక్కడ పెద్దదవుతుంది. ఒక మెసేజ్‌ను ఒకేసారి ఐదు చాట్‌లకు మించి ఫార్వర్డ్ చేయలేరు. అది చేతులు మారుతూ చాలాసార్లు తిరిగిందని గుర్తు పడితే 2020 ఏప్రిల్ నుంచి ఒక్కసారికి ఒక్క చాట్‌కే వెళ్తుంది, పైన జంట బాణాలూ కనిపిస్తాయి. జనం ఆ బాణాలను వదంతుల గుర్తుగా చూస్తున్నారు. కాబట్టి మీ ఆడియోను ఫార్వర్డ్ చేయించకండి. విషయం చెప్పి, కబురు మనిషినే తన గొంతుతో కొత్తగా రికార్డు చేసి పంపమనండి. అది ఎక్కువ దూరం పోతుంది, ఎక్కువ నమ్మకంగానూ ఉంటుంది.

ఎవరికి ఏది

గిరిజన గూడెం, సిగ్నల్ అంతంతమాత్రం: కబురు మనుషులు, సంత రోజు వాయిస్ నోట్లు. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చిన గుత్తికోయల ఆవాసాల్లో ఫోన్లు కూడా అరుదైతే ఆన్‌లైన్ పనిని అక్కడ ఆపి, ఆ డబ్బు ఏఎన్ఎం ప్రయాణానికి పెట్టండి.

ఇటుక బట్టీల్లో ఒడిశా నుంచి వచ్చిన కుటుంబాలుంటే నెట్‌వర్కు అంటే మేస్త్రీ ఫోన్, బట్టీ గుమస్తా ఫోన్. ఒడియాలో వాయిస్ నోట్ తప్పనిసరి, తెలుగులో పంపింది వాళ్లకు చేరనట్టే. తల్లిదగ్గరున్న కార్డు రెండువైపులా ఫోటో తీసి ఆమె ఫోన్‌లోనే ఉంచమనండి. ప్రభుత్వ ఆన్‌లైన్ టీకా నమోదు యూ-విన్‌లో పేరు ఉంటే దేశంలో ఎక్కడైనా తర్వాతి డోసు వేయించవచ్చు. కార్డు పోయినంతమాత్రాన, గడువు దాటినంతమాత్రాన మొదటినుంచి మళ్లీ వేయరు, ఆగినచోటు నుంచే కొనసాగిస్తారు. వలస తల్లులకు చెప్పాల్సిన మొదటి మాట ఇదే, ఎందుకంటే తిడతారేమోనన్న భయంతోనే చాలామంది రారు.

హైదరాబాద్ బస్తీల్లో వాట్సాప్ మంచి పట్టు ఇస్తుంది. కొత్త గ్రూపులు పెట్టకండి, పొదుపు సంఘాలకు, మదర్సాలకు, స్కూళ్లకు ఉన్న గ్రూపుల్లోనే చోటు అడగండి. ఉర్దూ, హిందీ, తెలుగు మూడింట్లో పంపాలి. బస్తీ దవాఖానా ఏ రోజు ఏ టీకా వేస్తుందో ముందే కనుక్కుని రాయండి.

ఎక్కడ చెడుతుంది

కబురు అందుకుని తల్లి కూలి మానుకుని వచ్చాక శిబిరం లేకపోతే, ఆ తర్వాత మీ ఏ మెసేజ్‌నూ ఆమె నమ్మదు. రాజస్థాన్ ఉదయ్‌పూర్ ఊళ్లలో సేవా మందిర్ సంస్థతో జరిగిన అధ్యయనం దీనికి గట్టి ఆధారం: మామూలు ఊళ్లలో పూర్తి టీకాలు పడిన పిల్లలు 6 శాతం, తేదీ తప్పకుండా నెలనెలా శిబిరం నడిచిన ఊళ్లలో 18, శిబిరంతో పాటు కిలో పప్పు ఇచ్చినచోట 39. ఏఎన్ఎం రావట్లేదని తెలిసిన నిమిషంలో రద్దు కబురు పంపడం, మర్నాడు కొత్త తేదీ చెప్పడం ఎవరి పనో కాగితం మీద రాసిపెట్టుకోండి.

రెండోది వదంతి. మూడు ముందే ఊహించవచ్చు. పెంటా తర్వాత ఒకటి రెండు రోజులు జ్వరం, తొడ వాపు రావచ్చు. బీసీజీ వేసినచోట కొన్ని వారాలకు పొక్కు లేచి, పుండులా మారి, మచ్చ మిగిల్చి దానంతట అదే మానుతుంది. ఒకే రోజు రెండుమూడు సూదులు వేయడం మామూలే. ఈ మూడింటిమీదా ఏఎన్ఎం గొంతుతో ఆడియోలు ముందే రికార్డు చేసి ఉంచండి. వదంతి వీడియోను ఎర్ర గీత పెట్టి మళ్లీ పంపకండి, చూసినవాళ్లకు గీత కాదు, బొమ్మే గుర్తుంటుంది. నిజాన్ని మాత్రమే చెప్పండి, అదే రోజు. అయితే నిజంగానే బిడ్డకు బాగోలేకపోతే గ్రూపులో వాదించకూడదు. వెంటనే మెడికల్ ఆఫీసరుకు చెప్పి, ఇంటికి మనిషిని పంపి, కారణం తేలేదాకా “టీకావల్ల కాదు” అనకండి.

పిల్లల పేర్లు, కార్డు ఫోటోలు, ఆధార్ నంబర్లు గ్రూపులో పెట్టకూడదు. “ఫలానా ఇంటివాళ్లు వేయించలేదు” అని రాయడం ఆ ఇంటి తలుపు శాశ్వతంగా మూయించడమే.

పని జరిగిందో లేదో

చూసినవాళ్లను, చేరినవాళ్లను లెక్కించకండి. మొదట రాసుకున్న జాబితాలోని పిల్లల్లో ఎంతమందికి నాలుగు వారాల్లో టీకా పడింది, అది ఏ వాడలో ఎంత అన్నదే లెక్క. పెద్ద ఊళ్లో పెరిగి గూడెంలో పెరగకపోతే మొత్తం సంఖ్య పెరిగినా ఎడం పెరిగినట్టే. 2021 మేలో కోవిడ్ టీకాల ఆన్‌లైన్ నమోదు వేదిక కోవిన్‌తో దేశం చూసింది ఇదే. 18–44 ఏళ్లవారికి ఆన్‌లైన్ స్లాట్ తప్పనిసరి అయినప్పుడు నగరాల యువకులు టెలిగ్రామ్ హెచ్చరికలు పెట్టుకుని పల్లె కేంద్రాల స్లాట్లు పట్టేశారు. మే 24న ప్రభుత్వ కేంద్రాల్లో నేరుగా వచ్చినవాళ్లకూ అనుమతి ఇచ్చారు. మీ కార్యక్రమంలో కూడా ఆన్‌లైన్ నమోదు పెడితే కనీసం సగం డోసులు నేరుగా నడిచి వచ్చేవాళ్లకు పక్కన ఉంచండి.

వీలైతే మొదటి రెండు నెలలు సగం గూడేల్లోనే మొదలుపెట్టి మిగతా సగంతో పోల్చి చూడండి. తేడా లేకపోతే మెసేజ్‌లు పెంచడం కాదు, శిబిరం వేళను, దూరాన్ని మార్చాలి. ఇక ఆశా కార్యకర్త మారినప్పుడు పాత ఫోన్ నుంచి కొత్త నంబరుకు లిస్టు అప్పగించడం, ప్రతి ఇంట్లో కొత్త నంబరు మళ్లీ సేవ్ చేయించడం ఆ వారంలోనే జరగాలి. బ్రాడ్‌కాస్ట్ ఎవరికీ అందకుండా ఆగిపోయినా పంపేవాళ్లకు వెంటనే తెలియదు.